మార్లిన్ ముక్కలు పెనం మీద ఎండిపోతున్నాయి, ఎలా వండాలి?

హనుమకొండలో ఉంటాం. మా ఇంట్లో చేపంటే చెరువు చేపే: రవ్వ, బొచ్చె, ఎప్పుడన్నా కొర్రమీను. ఈసారి విశాఖ నుంచి ఐస్‌లో పెట్టిన మార్లిన్ వచ్చింది, అదే కోస్తా వైపు కొమ్ముకోనం అంటారు. ముళ్లు లేని ముక్కలు, అంగుళం మందం, ఒక్కోటి పావుకిలో దాకా ఉంది. వాసన లేదు, కండ గట్టిగా ఉంది. సమస్యంతా వండటంలోనే.

మొదట మామూలు వేపుడు లాగే చేశాను. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి గంట ఉంచి, ఇనుప పెనం మీద మధ్యస్థ మంటలో ఒక్కో వైపు 5 నిమిషాలు. పైన రంగు బాగానే వచ్చింది, లోపల మాత్రం రంపపు పొట్టే. తర్వాత మంట పెంచి ఒక్కో వైపు 2 నిమిషాలే ఉంచితే మసాలా మాడింది, నడుమ పచ్చిగా మిగిలింది. మా అత్తమ్మ ఆ ముక్క ముట్టనే లేదు. చింతపండు పులుసులో 20 నిమిషాలు ఉడికించాను. పులుసు అదిరింది కానీ చేప పీచుపీచుగా అయింది. ఈ కండలో కొవ్వు తక్కువ, అందుకే ఇలా అవుతోందని నా అనుమానం.

ముక్కల్ని రాత్రంతా ఫ్రిజ్‌లోనే కరగనిచ్చి, తడి తుడిచాకే పెనం మీద వేస్తున్నాను. ఓవెన్ లేదు. గ్యాస్ పొయ్యి, ఇనుప పెనం, సరిపోయే మూత ఉన్నాయి.

లోపలి దాకా ఉడకాలి, కానీ ఎండిపోకూడదు. అంగుళం మందం ముక్కను పెనం మీద ఎంత మంటలో, ఎన్ని నిమిషాలు ఉంచాలి?