సైట్ రీడింగ్: ఏ వేలు ఎక్కడ వెయ్యాలో అంత త్వరగా ఎలా తెలుస్తుంది?

అయ్యకోనేరు గట్టు, విజయనగరం:
ఆరేళ్లు వీణ నేర్చుకున్నవాణ్ని. రెండేళ్లుగా పియానో. ఈసారి ట్రినిటీ పియానో పరీక్ష గ్రేడ్ 3 రాస్తున్నాను. సాధన చేసిన పాటలు బాగానే వస్తాయి. కొత్త కాగితం ముందు పెట్టి, అరనిమిషం చూసి వాయించమంటేనే టెన్షన్. స్వరాలు చదవగలను. కానీ మూడో బార్‌కే (తాళం గడికే) వేళ్లన్నీ చిటికెన వేలు దాకా అయిపోతాయి, పైన ఇంకా రెండు స్వరాలు ఉంటాయి.

చర్చి కీబోర్డ్, శ్రీకాకుళం:
తమ్ముడూ, పద్దెనిమిదేళ్లుగా ఆదివారం ఆరాధనకి వాయిస్తున్నాను. పాట నంబరు అప్పటికప్పుడే చెబుతారు. మొదట్లో నాకూ ఇదే బాధ. మొదటి స్వరం చూసి చెయ్యి పెట్టేసేవాణ్ని.

ముందు పై స్వరం ఎక్కడుందో చూడు. కుడిచేతి బొటనవేలు సీ మీద ఉందనుకో (బొటనవేలు 1, చిటికెన వేలు 5); సీ నుంచి జీ దాకానే అయితే చెయ్యి కదపక్కర్లేదు. ఏ, బీ కూడా ఉంటే, మూడో వేలి కిందనుంచి బొటనవేలిని ఎఫ్ మీదకి తేవాలి: 1 2 3, మళ్లీ 1. ఎఫ్ నుంచి మొదలయ్యే ఎఫ్ మేజర్ స్కేల్‌లో (స్వరాల వరుసలో) ఈ లెక్క కుదరదు. నాలుగో స్వరం బీ ఫ్లాట్, నల్ల మెట్టు. బొటనవేలు పొట్టిది కదా, దాన్ని అక్కడ వేస్తే చెయ్యంతా లోపలికి జరగాలి. అందుకే బీ ఫ్లాట్ నాలుగో వేలికి ఇచ్చి, సీ మీద బొటనవేలు వేస్తాం. రోజూ స్కేళ్లు వాయించేది ఇందుకే. వాయిస్తూ వేళ్లు ఎంచుకునే టైమ్ ఉండదు, చేతికి అలవాటైన దారినే కన్ను గుర్తుపట్టాలి.

అరనిమిషంలో కీ సిగ్నేచర్ (ఏ స్వరాలు షార్ప్, ఫ్లాట్ అవుతాయో మొదట్లో చూపే గుర్తులు), చెయ్యి జరగాల్సిన ఒకటి రెండు చోట్లు చూసుకో, చాలు. తప్పు వేలు పడినా తాళం మాత్రం ఆపకు.

వీణ టీచర్, బొబ్బిలి:
బాబూ, వీణ మీద ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలితోనే మెట్లన్నీ ఎక్కి దిగుతాం. అక్కడ బొటనవేలికి పనే లేదు. నీ చెయ్యి ఇంకా దాన్ని మరిచిపోతోందేమో చూసుకో. ఐరోపాలోనూ ఒకప్పుడు అంతేనట. పెద్ద పెద్ద విద్వాంసులు దూరం అందనప్పుడే బొటనవేలు వాడేవారని తన తండ్రి చెప్పినట్టు జర్మన్ సంగీతకారుడు సీ.పీ.ఈ. బాక్ 1753లో రాశాడు. వారం పాటు ఆ బొటనవేలు దాటించడం ఒక్కటే, నెమ్మదిగా సాధన చెయ్యి.

అయ్యకోనేరు గట్టు, విజయనగరం:
అన్నా, ఇప్పుడే ఒక సీ మేజర్ ముక్క చూశాను. పై స్వరం ఏ. ఎఫ్ మీద బొటనవేలు వేస్తే ఏ మీద మూడో వేలే పడింది, ఇంకా రెండు వేళ్లు మిగిలాయి! టీచర్ గారూ, మీరన్నది నిజమే, బొటనవేలు గాల్లోనే ఉంటోంది. ఎడమచేతికీ ఇదే లెక్కా?

చర్చి కీబోర్డ్, శ్రీకాకుళం:
తిరగేసి చూడు. కిందకి దిగేటప్పుడు అట్టడుగు స్వరం ఎక్కడుందో ముందు వెతుకు.