ఏడీహెచ్‌డీ (దేని మీదా ధ్యాస నిలవని సమస్య) మందులు వాడేవాళ్లు వైజాగ్‌లో ఎవరైనా ఉన్నారా?

గాజువాక కుర్రాడు: రుషికొండలో ఐటీ ఉద్యోగం. ఏడీహెచ్‌డీ అని తేల్చి డాక్టర్ గారు మిథైల్‌ఫెనిడేట్ 10 మి.గ్రా. రాశారు. నిద్రమాత్రలేమో, అలవాటైపోతాయేమో అని ఇంట్లో అమ్మకి టెన్షన్. వాడినవాళ్లు చెప్పండి, గూగుల్ చెప్పేది కాదు.

మద్దిలపాలెం అక్క: నిద్రమాత్ర కాదు తమ్ముడూ, పూర్తిగా ఉల్టా, సాయంత్రం వేసుకుంటే జాగారమే. మామూలు మాత్ర అయితే మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది. నాకేం మెరుపులు మెరవలేదు గానీ బల్ల మీద పేరుకుపోయిన కరెంటు బిల్లులు, బ్యాంకు కవర్లు మధ్యలో ఫోన్ ముట్టకుండా వరసపెట్టి చూసేశాను, అది చాలు. ఆకలి మాత్రం చచ్చిపోతుంది. మధ్యాహ్నం బాక్సు మూత తీయకుండానే ఇంటికొస్తుంది, మందు దిగాక రాత్రి కనిపించిందల్లా తినేస్తాను. అందుకే పొద్దున్న ఇడ్లీ కడుపునిండా తిన్నాకే మాత్ర.

ఎంవీపీ బాబాయ్: మందుకంటే షాపులతోనే తలనొప్పి. ఇది షెడ్యూల్ ఎక్స్ కింద, అంటే గట్టి ఆంక్షలున్న మందుల జాబితాలో ఉంది, అమ్మడానికి ప్రత్యేక లైసెన్స్ కావాలి, చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. జగదాంబ నుంచి కేజీహెచ్ డౌన్ దాకా ఎండలో తిరిగితే ఒకాయన నన్ను ఎగాదిగా చూసి "ఎవరికండీ ఇది?" అన్నాడు. అన్నీ మర్చిపోయేవాడినే ఇన్ని కాగితాలు జాగ్రత్త చేసుకోమంటే ఎలా బాబూ! స్ట్రిప్ అయిపోకముందే డాక్టర్ దగ్గరికెళ్లు.

సీతమ్మధార అమ్మ: మా వాడు తొమ్మిదో తరగతి. డాక్టర్ దగ్గరికెళ్లిన ప్రతిసారీ బరువు, ఎత్తు, బీపీ చూస్తారు. మందు దిగే వేళకి చిరాకు, చిన్న మాటకే ఏడుపు, ఆ టైమ్‌లో హోంవర్క్ ఊసెత్తకండి.

పెందుర్తి: నాకు గుండె దడ ఎక్కువైతే అటామాక్సిటిన్ అనే వేరే మందుకి మార్చారు. అది మిథైల్‌ఫెనిడేట్‌లా మెదడుని ఉత్తేజపరిచే రకం (స్టిమ్యులెంట్) కాదు, ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది, ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం. ఓపిక లేనివాళ్లకి ఓపిక పరీక్ష.

గాజువాక కుర్రాడు: థాంక్స్ అందరికీ. అమెరికాలో మా బావ ఇదే సమస్యకి ఆడెరాల్ అనే మందు వాడతాడు, తెమ్మననా?

ఎంవీపీ బాబాయ్: వద్దు! అది యాంఫెటమిన్, ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం పరిధిలోది. మందు కోసం వెళ్లి కేసులో ఇరుక్కుంటావా?

మద్దిలపాలెం అక్క: కాఫీ రోజుకెన్ని తాగుతావో కూడా డాక్టర్‌కి చెప్పు. రెండూ కలిస్తే నాకు చేతులు వణికాయి.