విజయనగరం కొండల మ్యాపింగ్: ఖోండలైట్, చార్నొకైట్ హద్దు ఎక్కడ గీయాలి?

గెడ్డఒడ్డు: 1:25,000 షీట్ మీద జియాలజీ మ్యాప్ వేస్తున్నామండీ. కొండ వాలంతా దొర్లిన రాళ్లే, కింద పొలాలు. ఖోండలైట్, చార్నొకైట్ అనే ఈ రెండు రకాల రాళ్ల మధ్య హద్దు ఎలా పట్టాలి?

రాతిసుత్తి: వాలు మీది రాళ్లను ముందే నమ్మకండి. పక్కపక్క బండలు మూడింటి మీద ఫోలియేషన్ (రాతిలో ఖనిజాలు పొరలుగా పేరుకున్న వరస) కొలవండి. స్ట్రైక్‌లకు (ఆ పొరలు సాగే దిక్కులకు) పొంతన లేకపోతే అవి కదిలిన రాళ్లే. తూర్పు కనుమల్లో స్ట్రైక్ ఎక్కువగా ఈశాన్య-నైరుతి. పైపొర చూసి పేరు పెట్టొద్దు, ఎండావానలకు రెండూ గోధుమరంగుకే తిరుగుతాయి. పగలగొట్టి చూడండి: చార్నొకైట్ లోపల జిడ్డు మెరుపుతో నీలిబూడిద రంగులో ఉంటుంది. ఖోండలైట్‌లో గార్నెట్ ఖనిజం గింజలు, సిల్లిమనైట్ ఖనిజం సూదులు, అక్కడక్కడ చేతికి నల్లగా అంటుకునే గ్రాఫైట్ కనిపిస్తాయి.

పొలంగట్టు: పొలాల్లో నేలబావుల గోడలు, గెడ్డ (వాగు) కోతలు, రోడ్డు కటింగులే అసలు ఆధారం. కళ్లారా చూసిన హద్దుకే నిండు గీత, ఊహించినదానికి తెంపు గీత, మట్టి కింద పోయినచోట చుక్కలు. ఈ తేడా పాటించని మ్యాప్ ఎవరికీ పనికిరాదు. పాత టోపోషీట్ (సర్వే మ్యాప్) ఎవరెస్ట్ డేటమ్‌లో (స్థానాలు లెక్కకట్టే ఆధారంలో), జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84లో ఉంటాయి. మార్చకుండా వేస్తే పాయింట్లన్నీ ఒకేవైపు జరిగిపోతాయి. ఈ స్కేల్‌లో 1 మి.మీ. అంటే 25 మీటర్లు మరి.

రాతిసుత్తి: ఇనుప సుత్తి దూరంగా పెట్టాకే కంపాస్ చూడండి. గరివిడి వైపు పాత మాంగనీసు గనుల మట్టిగుట్టలను ఔట్‌క్రాప్‌గా (నేల పైకి కనిపించే అసలు రాయిగా) గీయొద్దు.