సమస్యాపూరణం: "నారికేళపు పాకమే నాకు సులువు"

నిర్వాహకుడు, బసవనగుడి, బెంగళూరు: మిఠాయి అంగడి ముందు నిలుచున్నప్పుడు తట్టిన పాదమిది. కవిత్వంలో చదవగానే రుచించే ద్రాక్షాపాకం సులువనీ, పెంకు పగిలితే గాని రుచి అందని నారికేళపాకం కొరుకుడు పడదనీ చదువుకున్నవారికి తలకిందుల మాటగా తోస్తుంది కాబట్టే ఇచ్చాను.

జయనగర్ సభ్యురాలు:

బెల్లమును గాచి తీఁగయౌ వేళఁ జూచి
తురిమి కొబ్బరి నందులోఁ ద్రోసి కలిపి
చిటికెలో నుండ చుట్టితిఁ జెలియ, వినుము
నారికేళపు పాకమే నాకు సులువు

మల్లేశ్వరం సభ్యుడు: అమ్మా, కావ్యపాకాన్ని కొబ్బరి లౌజు చేసిన చమత్కారం నన్ను ఆకట్టుకున్నది. 'బె, వే' అభేదయతి (బ, వలను ఒకటిగా ఎంచి యతి చెల్లించడం) గనుక అభ్యంతరం లేదు. కాని 'చెలియ, వినుము' పాదం నింపడానికే వచ్చింది. పైగా కొబ్బరిలోని తడి తీగపాకాన్ని మళ్ళీ పలుచన చేస్తుంది కాబట్టి, అది దగ్గరపడి గిన్నె అంచులను వదిలేదాకా కలుపుతూనే ఉండాలి. చిటికెలో ఉండ రాదు. నా పూరణ ఇది:

కొట్టి పెంకును టీకతోఁ గోవిదుండు
మల్లినాథుఁడు భారవి మాట లోని
తియ్యనీటిని దోసిటఁ దెచ్చి పోయ
నారికేళపు పాకమే నాకు సులువు

జయనగర్ సభ్యురాలు: కలుపుతూ ఉండవలసిన సంగతి 'కలిపి' అన్న మాటలోనే ఉన్నదండీ; 'చిటికెలో' అన్నది ఉండ చుట్టడానికే. కిరాతార్జునీయం రాసిన సంస్కృత కవి భారవి మాటను కొబ్బరికాయతో పోల్చినవాడు దానికి టీక రాసిన మన కొలచల మల్లినాథుడే కాబట్టి, ఆయన చేతనే పెంకు పగులగొట్టించడం ఎంతో సముచితంగా ఉంది. అయితే ఇందులో పాకమెక్కడ? మనం పాకమనేది చిక్కబడినదానిని. మీ దోసిట్లోకి వచ్చినవి కొబ్బరినీళ్ళు. ఉగాదికి మీరు రాసిన అరిసెల పద్యంలోనూ ఇదే జరిగింది. అరిసెలకు తీగపాకం చాలదు. చుక్కను చన్నీళ్ళలో వేస్తే కరగకుండా, వేళ్ళతో కూడదీసినప్పుడు మెత్తని ఉండగా నిలవాలి. లేతపాకమైతే అరిసె నూనెలో విడిపోతుంది.

మల్లేశ్వరం సభ్యుడు: అరిసెల పద్యంలో తీగ అన్నది యతి కోసం కాదు, మా ఇంటి వాడుక. ఇక పాకమంటే చిక్కబడినదే అనడం నాకు సమ్మతం కాదు. 'పచ్' ధాతువు నుండి వచ్చిన ఆ మాటకు వండటం, పండటం అన్నవే మొదటి అర్థాలు. పాకశాల, పరిపాకం అన్న మాటలలో బెల్లమూ లేదు, చిక్కదనమూ లేదు. చక్కెరనీళ్ళు మరిగి సాగే స్థితికి ఆ పేరు వంటింటిలో స్థిరపడింది. ఇక్కడి కన్నడ ఇళ్ళలోనూ 'ఒందెళె పాక' అంటే ఒంటితీగపాకమే, మైసూరు పాకులో ఉన్నదీ ఆ పాకమే.

వైట్‌ఫీల్డ్ సభ్యుడు: పెద్దల చర్చకు నా పాదమొకటి: 'ముదురు పాకమ్ము చల్లారగ ముద్ద కట్టె'.

జయనగర్ సభ్యురాలు: నాయనా, భావం బాగుంది, మూడవ గణంలో 'గ' ఎక్కువైంది. 'చల్లార' అని ఆపితే సరిపోతుంది. పల్లీ పట్టీలకు నువ్వు చెప్పిన ముదురుపాకమే పట్టాలి.

నిర్వాహకుడు: ఇద్దరి వాదనకూ ఆధారముంది. 'నారికేళపు' అని సమాసాన్ని విడదీసింది రెండర్థాలకూ చోటుండాలనే. సంస్కృత ఆలంకారికుడు రాజశేఖరుడు కావ్యమీమాంసలో చెప్పిన తొమ్మిది పాకాలలో, మొదట రుచించక చివర తీయనయ్యేది ద్రాక్షది; మొదలూ చివరా తీయగా ఉండేది నారికేళమే. ఆ లెక్కన ఈ పాదంలో విరోధమే లేదు, దానిని ఎవరైనా పట్టుకుంటారని ఎదురుచూశాను. మల్లేశ్వరం వారి పద్యం నిర్దుష్టం, ధార గొప్పది. అయినా నా ఓటు జయనగర్ అమ్మగారికే, ఎందుకంటే తీగ సాగే క్షణాన్ని కనిపెట్టడమే పాకం తెలియడమని ఆమె మొదటి పాదమే చెప్పింది. ఒక్క మార్పు కోరుతున్నాను: 'చెలియ, వినుము' తీసి 'చిటికెలో నుండ చుట్టితిఁ జెదరకుండ' అంటే యతి నిలుస్తుంది, పాకం కుదిరిందన్న సాక్ష్యమూ పద్యంలోకి వస్తుంది.

మల్లేశ్వరం సభ్యుడు: 'చెదరకుండ' చేరితే 'చిటికెలో' మీద నా ఆక్షేపణను ఉపసంహరించుకుంటాను. అరిసెల మీద మాత్రం కాదు.