సడ్‌బరీలో స్నోమొబైల్‌కి ఏ ట్రైలర్ కొనాలి?

పటమట తమ్ముడు: అందరికీ నమస్కారం అండి. ఇంకా విజయవాడలోనే ఉన్నాను, వచ్చే నెల కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని సడ్‌బరీ వస్తున్నాను. అక్కడ మా బావకి హోండా సీఆర్‌వీ ఉంది. ఇద్దరం కలిసి పాత స్నోమొబైళ్లు (మంచు మీద నడిపే బళ్లు) రెండు కొనాలనుకుంటున్నాం. రెండూ పట్టే ట్రైలర్ కావాలి. ఓపెన్‌దా, మూసి ఉన్నదా? అల్యూమినియమా, ఇనుమా?

బ్రాడీపేట బాబాయ్: ట్రైలర్ సంగతి తర్వాత బాబూ, ముందు లాగే బండి సంగతి చూడు. సీఆర్‌వీ లాగేది మహా అయితే 1500 పౌండ్లు, అంటే 680 కిలోలు. ట్రైలర్ బరువు కూడా అందులోదే. స్నోమొబైల్ పెట్రోలు పోశాక ఒక్కోటి 270 నుంచి 300 కిలోలు తూగుతుంది. రెండు ఎక్కిస్తే అక్కడికే 540 దాటింది. రెండు పట్టే ఓపెన్ అల్యూమినియం ట్రైలర్ ఉత్తదే 200 పైన ఉంటుంది. లెక్క కుదరదు. ఆ బండితో ఒక్కటే లాగండి. హిచ్ (కారు వెనక ట్రైలర్ తగిలించే బంతి ఉన్న ఇనుప చట్రం) మీద కొట్టిన అంకె, బండి పుస్తకంలో రాసిన అంకె, రెండింట్లో చిన్నదే మీకు వర్తించేది.

ఎద్దుబండి గుర్తు తెచ్చుకో. వెనక బస్తాలు ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది. ఇక్కడా అంతే. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్లు హిచ్ బంతి మీద పడాలి. 450 కిలోల లోడుకి 45 నుంచి 67 కిలోలు. తక్కువైతే హైవే మీద వేగం అందుకోగానే ట్రైలర్ తోక ఊపుతుంది. అప్పుడు బ్రేకు తొక్కకూడదు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలెయ్యాలి. ఇంట్లో బరువు చూసుకునే కాటా మీద చెక్కదిమ్మ పెట్టి, దాని మీద కప్లర్ (ట్రైలర్ నొగ చివర బంతి మీద కూర్చునే గిన్నె) ఆనిస్తే ఎంత పడుతోందో తెలిసిపోతుంది. కప్లర్ మాత్రం లాగేటప్పుడు ఉండే ఎత్తులోనే ఉండాలి.

లక్ష్మీపురం అక్క: మూసి ఉన్నవి చూడకు తమ్ముడూ. రెండు పట్టేది ఉత్తదే అరటన్ను పైమాట, పైగా గాలి పట్టేస్తుంది. ఒక్కదానికి నాలుగున్నర, ఐదు అడుగుల వెడల్పున్న ఓపెన్ టిల్ట్ (బండి ఎక్కించడానికి బల్ల వెనక్కి వంగేది) చాలు. పొడవు మాత్రం టేపు పెట్టి కొలువు. పొడుగు ట్రాక్ (కింద తిరిగే రబ్బరు పట్టా) ఉన్న బళ్లకి 10 అడుగులు చాలవు, వెనక ఫ్లాప్ బయటికి వేలాడుతుంది. ముందువైపు, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు నీళ్లు, రాళ్లు తగలకుండా షీల్డు ఉన్నది తీసుకో. 8 అంగుళాల చక్రాలవి వద్దు. అదే వేగానికి అవి ఎక్కువ చుట్లు తిరుగుతాయి, బేరింగులు కాగిపోతాయి. 12, 13 అంగుళాలవి చూడు. అల్యూమినియమే కొను, ఇక్కడ రోడ్ల ఉప్పు ఇనుమును తినేస్తుంది.

ఆటోనగర్ అన్న: అక్కా, అన్ని ఇనుములూ ఒకటి కాదు. రంగు వేసింది రెండు చలికాలాలకే పొక్కులొస్తుంది, అది నిజం. కరిగిన జింకులో ముంచి తీసిన గాల్వనైజ్డ్ ఫ్రేము అలా కాదు. అల్యూమినియం నొగ దగ్గర అతుకు పగిలితే అతికేవాడు అంత తేలిగ్గా దొరకడు.

లక్ష్మీపురం అక్క: అతుకు పగిలేది ఎక్కువ బరువు వేస్తేనే కదా అన్నా. సీఆర్‌వీతో లాగేవాళ్లకి ప్రతి కిలో లెక్కే.

ఆటోనగర్ అన్న: బరువు మాట ఒప్పుకుంటాను. అయితే ఇనుప బోల్టు అల్యూమినియానికి తగిలేచోట ఉప్పునీళ్లు పడితే తెల్లగా పొడి రాలుతుంది. పాతది కొనేటప్పుడు టార్చి వేసి అక్కడే చూడమను.

కొత్తపేట మావయ్య: ట్రైలర్ ఎక్కడ పెడతారో ఎవరూ అడగలేదు. మన తెనాలి వైపు కుర్రాడొకడు ఇక్కడ అపార్టుమెంటు పార్కింగులో, తన గడిలోనే, కారు వెనక పెట్టాడు. ఓనరు నోటిమాటగా సరే అన్నాడు. జనవరిలో మంచు తోసే బండి వచ్చింది. నొగ మంచు కింద కనపడలేదు, బ్లేడు తగిలి జాకీ వంగిపోయింది. ఓనరు పైసా ఇవ్వకపోగా, లీజులో ఒక వాహనమే ఉంది, ఇది రెండోది అని నోటీసు అంటించి, వారంలో ఎత్తించేశాడు. ఎత్తుకెళ్లిన బళ్లు పెట్టే యార్డుకి వెళ్తే రోజుకింత అద్దె. పైగా కాగితం చూపించమన్నారు. అమ్మినవాడి సంతకం ఉంది గానీ ఇతని పేరు మీదకి మారలేదు. మారేదాకా అద్దె ఎక్కుతూనే ఉంది. ఒంటారియోలో ట్రైలర్‌కి వేరే ప్లేటు, వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి బాబూ. కొన్న వెంటనే పేరు మార్పించుకో. పార్కింగు ఒప్పందం రాతలో తీసుకో. నొగకి ఎర్ర జెండా కర్ర కట్టు, టైర్ల కింద చెక్కలు పెట్టు, లేకపోతే మంచుకి అతుక్కుపోతాయి. అన్నట్టు, బ్రేకులు లేనిది కొనొద్దు, అది రూలు.

బ్రాడీపేట బాబాయ్: ఆ రూలు 1360 కిలోలూ ఆపైన ఉన్నవాటికి బావగారూ. వీళ్లది అందులో సగం కూడా ఉండదు. గొలుసులు మాత్రం తప్పవు, నొగ కింద అడ్డంగా కత్తెరలా వెయ్యాలి. కప్లర్ ఊడినా నొగ వాటి మీద ఆగుతుంది.

బంతి సైజు కూడా చూడు బాబూ. కప్లర్ మీద 2 అని ఉంటే 2 అంగుళాల బంతే పెట్టాలి. 1 7/8 బంతి మీద కూడా అది కూర్చున్నట్టే ఉంటుంది, గొళ్లెమూ పడుతుంది. గతుకులో ఎగిరినప్పుడు ఊడొస్తుంది. గొళ్లెం వేశాక జాకీతో నొగ పైకెత్తు. కారు వెనకభాగం కూడా లేస్తే సరిగ్గా పట్టినట్టు.

పటమట తమ్ముడు: అయితే ఒక్కటే కొంటాం బాబాయ్. టిల్ట్, 12 అంగుళాల చక్రాలు. కట్టడం ఎలా? తాడు చాలా?

ఆటోనగర్ అన్న: చాలదు తమ్ముడూ. మిర్చియార్డులో టిక్కీలకి (మిర్చి బస్తాలకి) వేసే కట్టు ఇక్కడ పనికిరాదు. టిక్కీ కదలదు, స్నోమొబైల్‌కి సస్పెన్షన్ ఉంది, ఊగిన కొద్దీ తాడు వదులవుతుంది. ముందువైపు ఉండే స్కీల (జారుడు పట్టీల) మీద అడ్డంగా ఇనుప బారు వేసి స్క్రూతో బిగించు. వెనక బంపరు మీద ఒకరు కూర్చుని అణిచితే, ఇంకొకరు రాచెట్ (మరతో బిగిసే) పట్టీ బిగించాలి. 50, 80 కిలోమీటర్లు పోయాక ఆగి పట్టీ, చక్రాల నట్లు మళ్లీ చూసుకో. హబ్బు మీద చెయ్యి పెట్టు, గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చురుక్కుమంటే బేరింగులో గ్రీజు లేదు.

లక్ష్మీపురం అక్క: లైట్లు వెలగకపోతే ముందు తెల్ల తీగ చూడు, అది ఎర్తు. ఫ్రేముకి బిగించిన చోట తుప్పు పడితే ఇండికేటర్ వేసినప్పుడు అన్నీ కలిసి మిణుకుతాయి. విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, గ్రీజు రాసి బిగించు. గోధుమరంగుది వెనక లైటు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి.