రాతి ఎర్రనేలలో మొర్రి నిలబడుతుందా?

చంద్రగిరి దగ్గర మాకు రెండెకరాల రాతి ఎర్రనేల ఉంది. అందరూ మామిడే వేయమంటున్నారు. నాకేమో మా అవ్వ వేసవిలో దోసిట్లో పోసిన మొర్రిపండ్లే గుర్తుకొస్తాయి. పండు తిని, గింజ పగలగొట్టి సారపప్పు ఏరుకునేవాళ్లం. నిరుడు సంచుల్లో నలభై గింజలు పెడితే మూడే మొలిచాయి. నేలలోకి మార్చాక అవీ ఎండిపోయాయి. ఎక్కడ తప్పు చేశాను?

పాకాల నుంచి:
గింజలు ఎప్పటివమ్మా? మొర్రి గింజ నిల్వ ఉంటే మొలకశక్తి తగ్గిపోతుంది. పండ్లు దొరికే రోజుల్లోనే గుజ్జు కడిగి, లోపలి పప్పు నలగకుండా పెంకును కొద్దిగా పగలనిచ్చి విత్తండి. తల్లివేరు లోతుకు దిగే చెట్టు అది, చిన్న సంచిలో మెలిపడుతుంది. నేరుగా గుంతలోనే రెండేసి గింజలు వేయండి.

పలమనేరు నుంచి:
నేరేడు గింజకూ అంతే, తిన్న వారంలోనే నేలలో పడాలి. చెట్టుకూ చెట్టుకూ 30 అడుగులు వదలండి. గట్టున ఒక వెలగ కూడా పెట్టండి, మొండిది. మన దగ్గర అక్టోబరు, నవంబరు వానలు మొక్కను నిలబెడతాయి, కానీ తొలి రెండు వేసవులు నీళ్లు మోయాల్సిందే. ముళ్లకంచె లేకుండా మాత్రం మొదలుపెట్టకండి, నా మొదటి ఏడాది మొక్కలన్నీ మేకల పాలయ్యాయి.

చంద్రగిరి నుంచి:
నావి ఏడాదిగా డబ్బాలో ఉన్న గింజలన్నా! ఈ వేసవిలో పండ్లు రాగానే తాజావి వేస్తాను. కంచె పని రేపే మొదలుపెడుతున్నాను.