కలరా టాక్సిన్‌ను కణం ఎందుకు నరికేయలేకపోతోంది?

నమస్కారమండీ. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను, కలరా టాక్సిన్ (కలరా బ్యాక్టీరియా వదిలే విషం) మీద సెమినార్ ఇవ్వాలి. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు పేగును దారంతో రెండుచోట్ల బిగించి, కలరా బ్యాక్టీరియా పెరిగిన ద్రవాన్ని, బ్యాక్టీరియా లేకుండా వడగట్టి ఎక్కిస్తే, ఆ ముక్క నీళ్లతో ఉబ్బిపోయింది. ఎంత అందమైన ప్రయోగం! టాక్సిన్‌లోని బి భాగాలు ఐదూ కణం మీది జీఎం1 అనే కొవ్వు అణువును పట్టుకోవడం, అసలు విషపు పని చేసే ఏ1 ముక్క కణంలో సంకేతాలు మోసే సైక్లిక్ ఏఎంపీని పెంచేయడం, క్లోరైడ్ వెంట నీళ్లు పేగులోకి వచ్చేయడం అర్థమయ్యాయి.

అంతుపట్టనిది మధ్యలో దారి. ఏ1 ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో (కణంలో కొత్త ప్రోటీన్లు మడతపడే చోటు) మడత విప్పుకుని, పాడైన ప్రోటీన్లను బయటికి తోసే దారినే సైటోప్లాజంలోకి వస్తుందట. అలా వచ్చినవాటిని ప్రోటియాజోమ్ (ప్రోటీన్లను నరికే కణయంత్రం) ముక్కలు చేయాలి కదా? ఏ1లో లైసిన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువ కాబట్టి, వాటికి అతుక్కుని ‘దీన్ని నరికేయాలి’ అని గుర్తు పెట్టే యుబిక్విటిన్ సరిగా అంటుకోదని మా సీనియర్ అక్క చెప్పింది. అదొక్కటే కారణమా? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి, ప్లీజ్.